మూడో పుల్ల

"ఆలస్యంగా వచ్చారు వదినా. కేసు ముగిసిపోయింది."

మరిది ఆ మాట అంటూ చేతి గడియారం చూసుకున్నాడు. టీచరమ్మ గోడ గడియారం చూసింది. మూడూ పది. ఐదింటికి పోలీసు జీపు వచ్చి, ఇక్కడ మిషను నడిపే సబ్బక్కని ఎక్కించుకుపోతుంది. అంటే ఇంకా గంటా యాభై నిమిషాలుంది. అంత టైముండగా కేసు ఎలా ముగిసిందో ఆమెకి బోధపడలేదు.

టీచరమ్మ ఇరవై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి, తర్వాత డిటెక్టివ్ అయిన మనిషి. జవాబు సరిగ్గా రాసినా సరే, చేసిన దారి చూపించని పిల్లలకి ఆమె మార్కులు వేసేది కాదు. మరిది ఆమె భర్తకి స్వయానా తమ్ముడు. అతనిదీ అదే వృత్తి. కాకపోతే అతనికి చల్లటి ఆఫీసు, పన్నెండుమంది మనుషులు, తోలు సంచీ ఉన్నాయి. ఈమెకున్నవల్లా ఒక నోటుబుక్కు, ఒక గొడుగు.

మెట్ల దగ్గర కారు తాళాలు ఊపుకుంటూ ఒక యువకుడు ఎదురయ్యాడు. ఇస్త్రీ చొక్కా, గట్టిగా దువ్విన జుట్టు. ఈ వర్క్‌షాపు యజమాని అల్లుడు. మేనేజరుగా వచ్చి ఆరు వారాలు.

"సార్, మీ రిపోర్టు అయిపోయింది కదా. నేను రెండో షెడ్డుకి వెళ్ళొస్తాను. పాడైన పార్టు బదులు ఇంకోటి ఈ రోజే అక్కడ కోయించాలి. ఐదింటికల్లా వచ్చేస్తా." టీచరమ్మ వైపు తిరిగి మర్యాదగా దణ్ణం పెట్టాడు. "మేడమ్, టీ తెప్పించమంటారా?"

"వద్దు బాబూ. వెళ్ళిరండి."

కారు వెళ్ళిపోయింది.

"సరే మరిదీ, ముగిసిపోయిన కేసు మొదటినుంచీ చెప్పు. వదినకి వయసైపోయింది, నిదానంగా చెప్పు."

మరిది నవ్వాడు. ఇలాంటి అవకాశం అతను వదులుకోడు. పెద్ద మిషను ముందుకు తీసుకెళ్ళాడు. గది అంత ఇనప పెట్టె అది. దాని లోపల బల్ల, బల్ల మీద అరచేతిలో పట్టే అల్యూమినియం దిమ్మ, ఆ దిమ్మని నాలుగు మూలలా గట్టిగా పట్టుకున్న నాలుగు క్లాంపులు. మూడో క్లాంపు తల పగిలి ఉంది. మిషను తలుపుకున్న అద్దంలో నిమ్మకాయంత కన్నం.

"ఆసుపత్రి పంపుకి పెట్టే పార్టు ఇది. నిన్న పొద్దున తొమ్మిదీ నాలుక్కి ప్రోగ్రామర్ ప్రోగ్రాం పంపాడు. కట్టర్ ఎక్కడికి పోవాలి, ఎంత లోతు దిగాలి, ఎప్పుడు పైకి లేవాలి, అంతా కంప్యూటరే గీసిన దారి. పదకొండున్నరకి సబ్బక్క బటన్ నొక్కింది. పదకొండూ నలభై ఏడుకి కట్టర్ పోయి మూడో క్లాంపుని కొట్టింది. కట్టర్ ముక్కలైంది. ఒక ముక్క అద్దం చీల్చుకొచ్చి, బయట నిలబడ్డ కొలతలాయన, అదే తయారైన పార్టులు కొలిచి చూసే ఆయన, మెడలో దిగింది. ఆయనకి ఇంకా తెలివి రాలేదు."

"ప్రోగ్రాంలో తప్పుందేమో?"

"తెర మీద మూడుసార్లు నడిపించి చూశాను. మొత్తం పచ్చరంగే. ఎక్కడా తగలడం లేదు."

"ఆ తెర మీద క్లాంపులున్నాయా?"

"లేవు. క్లాంపులు కంప్యూటర్లో గీయరట. అందుకే కొత్త ప్రోగ్రాం వచ్చినప్పుడు మనిషి ముందు ఉత్తుత్తిగా నడిపి చూసుకోవాలి. అది ఆపరేటర్ డ్యూటీ. మిషను జ్ఞాపకంలో చూశాను వదినా. నిన్న పొద్దుట్నుంచి పదకొండున్నర దాకా దాని మీద ఏదీ నడవలేదు. ఆవిడ చూసుకోలేదు, నేరుగా లోహం మీద నడిపింది. ఒక మనిషి ప్రాణం మీదకి తెచ్చింది. ఇంకేముంది?"

"ఇంకేమీ లేదు," అంది టీచరమ్మ, నోటుబుక్కులో టైములన్నీ రాసుకుంటూ. "ఒక్క మాట మరిదీ. నన్ను ఈ పనిలో పెట్టిందెవరో తెలుసా? కొలతలాయన భార్య."

మరిది కళ్ళు చిట్లించాడు.

"ఆసుపత్రి వరండాలో కూర్చుని చెప్పింది. 'మా ఆయన పద్నాలుగేళ్ళు సబ్బక్క చేసిన పని కొలిచాడు. ఆవిడ చూసుకోకుండా నడిపిందని ఎవరైనా అంటే తెలివి లేకపోయినా లేచి కొట్లాడతాడు. ఆయన లేచేలోపు ఆ కొట్లాట మీరు చెయ్యండి' అంది."

---

సబ్బక్కని కొలతల గదిలో కూర్చోబెట్టారు. యాభై దాటిన మనిషి. నీలం కోటు, పొట్టి గోళ్ళు, చెవి వెనక పెన్సిలు. ఏడ్చిన గుర్తులేమీ లేవు. చేతులు మాత్రం ఒడిలో ఊరికే ఉండలేక కోటు గుండీని తిప్పుతున్నాయి.

"సబ్బక్క అని పేరెందుకొచ్చింది?"

"ఎందుకేమిటండీ, సబ్బులు కోస్తాను కాబట్టి." సబ్బక్క లేచింది. "చెబితే నమ్మరు. వచ్చి చూడండి."

షాపు చివర మూలన చిన్న పాత మిషను ఒకటుంది. రంగు ఊడిపోయి, ఒళ్ళంతా నూనె పట్టి ఉంది. దాన్నందరూ ముసల్ది అంటారు. దాని పక్కన గోడకి నేల నుంచి మనిషి ఎత్తు వరకూ చెక్క అరలు. ఆ అరల్లో సబ్బులు.

టీచరమ్మ దగ్గరికి వెళ్ళి వంగి చూసింది.

బట్టలు ఉతుక్కునే నీలం సబ్బులు. వందల కొద్దీ. ప్రతి సబ్బు మీదా ఒక ఆకారం చెక్కి ఉంది. ఒకదానిలో గుండ్రటి గుంట, దానిలో మెట్లు. ఒకదానిలో రెక్కలు విప్పినట్టు వంకీలు. కొన్ని పాతబడి తెల్లటి బూజు రంగుకి తిరిగాయి. ప్రతిదాని అంచునా మేకుతో గీకిన తారీఖు. దేనిమీదా ఒక్క వేలిముద్ర లేదు. బడిలో పిల్లల నోటుబుక్కులు ఏళ్ళ తరబడి దిద్దిన మనిషి ఆమె. ఒకే పని, ఒకే శ్రద్ధతో, విసుగన్నది లేకుండా ఇన్నిసార్లు చేసినవాళ్ళని ఎక్కడా చూడలేదు.

"పదకొండేళ్ళవండీ," అంది సబ్బక్క కాస్త సిగ్గుపడుతూ. "కంప్యూటర్ గీసిన దారి చాలా బాగుంటుంది. నేనెన్ని జన్మలెత్తినా అలా గీయలేను. కానీ దానికి నా క్లాంపులు కనబడవు కదా. అందుకని కొత్త ప్రోగ్రాం ఏదొచ్చినా ముందు ముసల్దాని మీద సబ్బు బిగించి నడుపుతాను. క్లాంపులుండే నాలుగు చోట్లా నాలుగు అగ్గిపుల్లలు గుచ్చుతాను. క్లాంపు ఎంత ఎత్తుంటుందో పుల్ల సరిగ్గా అంతే ఎత్తు, కొలిచి తెంపుతాను. కట్టర్ పని ముగించేసరికి నాలుగు పుల్లలూ నిలబడుంటే లోహం మీదకి వెళ్తాను. ఒక్కటి తెగినా వెళ్ళను."

"నిన్న?"

"నాలుగూ నిలబడ్డాయి. తొమ్మిదింబావుకి మొదలెట్టాను, పదికి మూడు నిమిషాల తక్కువకి అయింది. సబ్బు ఇక్కడ పెట్టాను." వేలితో చూపించింది. కింద నుంచి మూడో అరలో చివరి చోటు ఖాళీ. చుట్టూ సన్నటి దుమ్ము, మధ్యలో సబ్బంత మేర శుభ్రంగా ఉంది. "తారీఖు కూడా గీకాను. ఇప్పుడు లేదు. ఆయనకి చెప్పానండీ." మరిది వైపు గడ్డం ఎత్తింది. "నవ్వారు."

"నవ్వక?" అన్నాడు మరిది. "ముసల్దానికి జ్ఞాపకం లేదు. అందులో ఏం నడిచిందో ఎక్కడా నమోదు కాదు. ప్రోగ్రాం తెచ్చిన పెన్‌డ్రైవ్ అడిగితే చెరిపేశానంటుంది. సబ్బు అడిగితే మాయమైందంటుంది. కోర్టులో ఏం చూపిస్తాం వదినా, దుమ్ములో ఖాళీ చోటా?"

"పెన్‌డ్రైవ్ ఎందుకు చెరిపారు?"

"ప్రతిసారీ చెరిపేస్తానండీ. పాత ప్రోగ్రాం పొరపాటున ఇంకో రోజు నడిచిందంటే కొంప మునుగుతుంది."

టీచరమ్మ తల ఊపింది. ఈవిడ జాగ్రత్తే ఈవిడ మెడకి చుట్టుకుంది.

"ప్రోగ్రాం అందగానే ఇంకేమైనా చేస్తారా? ఎంత చిన్నదైనా సరే."

"ఏముందండీ, కార్డు రాస్తాను. పార్టు పేరు, కట్టర్ సైజు, ఎంతసేపు పడుతుందో. ప్రోగ్రాం మొదటి లైన్లో ఉంటుంది, చూసి రాసుకుంటాను."

"ఆ కార్డెక్కడుంది?"

కార్డు పెద్ద మిషను పక్కన క్లిప్పుకి నిన్నటినుంచీ వేలాడుతూనే ఉంది. మరిది దాని పక్కనే నిలబడి గంటసేపు ఫోటోలు తీశాడు. దాన్నెవరూ చూడలేదు. నూనె మరక పడిన అట్టముక్క మీద పెన్సిలుతో ముత్యాల్లాంటి అక్షరాలు. టైము: తొమ్మిదీ ఎనిమిది. పట్టే సమయం: నలభై రెండు నిమిషాలు.

టీచరమ్మ మిషను తెర మీద ఆగిపోయి ఉన్న ప్రోగ్రాం మొదటి లైను చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

ముప్ఫై ఎనిమిది.

"మరిదీ, ఇలా రా. ఆ కార్డు మీద ఎంతుంది? ఇక్కడెంతుంది? చదవడం వచ్చు కదా?"

మరిది రెండూ చూశాడు. అతని నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది.

---

ప్రోగ్రామర్ గది నాలుగడుగుల వెడల్పు. ముప్ఫై కూడా నిండని కుర్రవాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిన్నటినుంచి అతని కంప్యూటర్‌కి మరిది సీలు వేశాడు. టీచరమ్మ చెప్పాక మరిది ముఖం ముడుచుకునే ఆ సీలు తీశాడు.

"నీ దారి ఒకసారి చూపించు బాబూ. నాకర్థమయ్యేలా."

కుర్రవాడు చూపించాడు. తెర మీద సన్నటి గీత పుట్టి, దిమ్మ చుట్టూ తిరుగుతూ, ఒక్కో పొర దిగుతూ, ఎక్కడా ఒక చోటు వదలకుండా, ఒక చోటికి రెండుసార్లు పోకుండా పని చేసుకుంటూ పోయింది. ఆవు దూడని నాకినట్టుంది అనుకుంది టీచరమ్మ. ఆ ఓపిక, ఆ వరస. కాసేపు ఎందుకొచ్చిందో కూడా మర్చిపోయి చూసింది.

"ఎంత బాగా గీశావయ్యా!"

"గీసింది సాఫ్ట్‌వేరేనండీ. నేను హద్దులు చెప్తానంతే." పొగడ్తకి ముఖం వెలిగింది, వెంటనే ఆరిపోయింది. "అక్క సబ్బు మీద నడిపి సరే అనేదాకా నాకు ముద్ద దిగదు. నిన్న పదింటికి వచ్చి 'నాలుగూ నిలబడ్డాయిరా' అంది. అప్పుడు టిఫిన్ తిన్నాను."

"కట్టర్ ఒక చోటు నుంచి ఇంకో చోటికి పోయేటప్పుడు ఎంత ఎత్తు లేస్తుంది?"

"అరవై మిల్లీమీటర్లు. క్లాంపుల తల నలభై ఉంటుంది కదండీ. తెరకి క్లాంపులు తెలీవు గానీ నాకు తెలుసు. అందుకే అరవై పెట్టాను. అందుకే నలభై రెండు నిమిషాలు పడుతుంది."

"మరి మిషన్లో ముప్ఫై ఎనిమిదుంది."

కుర్రవాడు ఆమె వైపు చూశాడు. తర్వాత తెర వైపు తిరిగి, మిషన్లన్నీ చదువుకునే ఉమ్మడి ఫోల్డరు తెరిచాడు. బటన్ నొక్కినప్పుడు పెద్ద మిషను అక్కడినుంచే ప్రోగ్రాం తీసుకుంటుంది. ఫైలు పేరు అదే. పక్కన టైము మాత్రం తొమ్మిదీ నాలుగు కాదు.

పదకొండూ పన్నెండు.

"మరిదీ, నువ్వు చూసింది ఇతను పంపిన రసీదే. చేరిన సరుకు చూడలేదు," అంది టీచరమ్మ.

ప్రోగ్రామర్ ఆ ఫైలు తెరిచాడు. అరవై ఉండాల్సిన ప్రతి చోటా ఇరవై ఐదు. క్లాంపు తల నలభై. వచ్చేది ఇరవై ఐదు ఎత్తులో, మిషనుకి చేతనైనంత వేగంతో. కొట్టక ఏం చేస్తుంది?

"నేను కాదండీ," అన్నాడు కుర్రవాడు.

"నువ్వు కాక ఎవరు?" మరిది ఒక్క ఊపున లేచాడు. వేట మళ్ళీ దొరికిన హుషారు అతని గొంతులో. "షాపు మొత్తానికి ప్రోగ్రాం రాయడం వచ్చింది నీకొక్కడికే. నాలుగు నిమిషాలు తగ్గిస్తే మెప్పొస్తుందనుకున్నావు. తెర పచ్చగా ఉంది కదా అని పంపేశావు. ఘోరం జరగ్గానే సబ్బు మాయం చేశావు. చొక్కా చేతి మీద ఆ నీలం మరకేంటి?"

నిజమే. కుడి చేతి మడత మీద లేత నీలం మరక ఉంది. టీచరమ్మ కూడా గది లోపలికి వచ్చినప్పుడే దాన్ని చూసి నోటుబుక్కులో రాసుకుంది. లెక్క కుదురుతోంది. చాలా చక్కగా కుదురుతోంది.

"అది లోహం మీద గుర్తులు పెట్టే మార్కింగ్ ఇంకండీ," అన్నాడు కుర్రవాడు నీళ్ళు నములుతూ.

"పోలీసులకి చెప్పుకో. వదినా, మీరు గెలిచారు, ఒప్పుకుంటున్నా. సబ్బక్కని వదిలేద్దాం. జీపులో ఇతను ఎక్కుతాడు."

గుమ్మంలోంచి సబ్బక్క గొంతు వినబడింది. ఎప్పుడొచ్చి నిలబడిందో.

"టీచరమ్మగారూ, నన్ను వదిలేస్తామంటున్నారు, సంతోషం. కానీ ఈ మాట లోహం మీద నడిపే ముందు ఒకసారి సబ్బు మీద నడపండి. మీకు చాలా నున్నగా కనబడుతోంది. నున్నగా కనబడ్డ ప్రోగ్రామే నాకెప్పుడూ భయం."

గోడ గడియారం నాలుగూ పన్నెండు చూపిస్తోంది. టీచరమ్మకి చెవులు వేడెక్కాయి. దారి చూపించకుండా జవాబు రాసే పిల్లలకి సున్నా వేసిన మనిషి, తనే జవాబుకి ఎగబడబోయింది. జైలు ముందు నిలబడ్డ మనిషి తన బదులు ఇంకొకరు పోతారంటే హమ్మయ్య అనుకోకుండా ఆగి చూడమంటోంది. ఈవిడ ముందు తను ఇంకా రెండో క్లాసే.

"కూర్చోండక్కా," అంది. "నడుపుదాం. నిన్న కొలతలాయన్ని ఎత్తిందెవరు?"

"నేనూ, వీడూ, అల్లుడుగారూ. ముగ్గురం కలిసి కారెక్కించాం. ఎవరి చేతులు చూసినా నెత్తురే."

"తర్వాత చేతులెక్కడ కడుక్కున్నారు?"

"మేమిద్దరం కింద పంపు దగ్గర. అక్కడ డబ్బాలో నీళ్ళ సబ్బు ఉంటుంది. అల్లుడుగారు పైకి తన గదికి పోయారు. పాపం, ఆయనకి నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయిట. గోడ పట్టుకుని నడిచారు."

"ఏ గోడ?"

సబ్బక్క చెప్పబోయి ఆగిపోయింది. పై గదికి మెట్లు సబ్బుల అరల పక్కనుంచే పోతాయి.

"బాబూ," అని ప్రోగ్రామర్ని అడిగింది టీచరమ్మ, "నువ్వు ఎప్పుడైనా ఆ అరలోంచి సబ్బు తీసి చెయ్యి కడుక్కున్నావా?"

కుర్రవాడు ఆమెకి మతి పోయిందేమో అన్నట్టు చూశాడు. "ఆ సబ్బులా? చెయ్యి తెగిపోతున్నా వాటిని ముట్టుకోమండీ! తుడిచేవాడు కూడా వాటి జోలికి పోడు."

"అదీ సంగతి. వాటి విలువ తెలిసినవాడు దాచాలనుకుంటే పగలగొట్టి పారేస్తాడు. తెలియనివాడికి అవి ఉత్త బట్టల సబ్బులు. ఈ షాపులో తెలియనివాడెవరు?"

మరిది అప్పటికే మెట్లెక్కుతున్నాడు.

---

అల్లుడి గదిలో బల్ల అద్దంలా మెరుస్తోంది. పక్కనే చేతులు కడుక్కునే చిన్న గది. అందులో వాష్‌బేసిన్ అంచు మీద ఉంది సబ్బు. ఒక వైపు కరిగి జారిపోయింది. రెండో వైపు మాత్రం చెక్కిన గుంట అంచులు పదునుగా అలాగే ఉన్నాయి. నాలుగు పుల్లల్లో ఒకటి ఊడిపోయి కన్నం మిగిలింది. మూడు నిటారుగా నిలబడి ఉన్నాయి. వాటిలో మూడో పుల్ల కూడా ఉంది. చెక్కు చెదరలేదు. అంచున మేకు గీత: నిన్నటి తారీఖు.

సబ్బక్క పరీక్షించింది. ఆమె పరీక్షించిన ప్రోగ్రాం మంచిది.

మరిది ఆ సబ్బు వైపు చాలాసేపు చూసి, జేబురుమాలు తీసి, పసిపిల్లని ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తాడు.

బల్ల మీద కంప్యూటరుంది. పక్కన నల్ల అట్ట నోటుబుక్కు. టీచరమ్మ తెరిచింది. నాలుగు రోజుల సాఫ్ట్‌వేర్ శిక్షణలో అల్లుడు రాసుకున్న నోట్సు. ఎర్ర సిరాతో శీర్షికలు, నీలంతో వివరాలు, ప్రతి బొమ్మకీ నంబరు. మొదటి బెంచీ పిల్లవాడి పుస్తకం. చివరి పేజీలో నిన్నటి తారీఖు వేసి రాసుకున్నాడు: "కట్టర్ అనవసరంగా అరవై లేస్తోంది. ఇరవై ఐదు చాలు. నాలుగు నిమిషాలు ఆదా. తెర మీద సరిచూశాను, పూర్తిగా పచ్చ. మామగారికి సాయంత్రం చెప్పాలి." ఆ పేజీలో ఇంకో వాక్యం, కొత్త సిరాతో, అక్షరాలు వంకరగా: "ప్రోగ్రాం తప్పు కాదు. తెర పచ్చ. రెండో షెడ్డులో నడిపి చూపిస్తా."

"మరిదీ! టైమెంత?"

"నాలుగూ ఇరవై ఎనిమిది."

టీచరమ్మ మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. "బాబూ, రెండో షెడ్డు మిషను కూడా ఆ ఫోల్డర్లోంచే చదువుతుందా?"

ప్రోగ్రామర్ అప్పటికే తెర ముందు వంగి ఉన్నాడు. వేలితో తెర మీద టైము చూపించాడు. "చదివేసిందండీ. నాలుగూ పదహారుకి మొదలైంది. ఈ ఫైలే."

నిన్న పదకొండున్నరకి మొదలై పదకొండూ నలభై ఏడుకి కొట్టింది. పదిహేడు నిమిషాలు. నాలుగూ పదహారుకి పదిహేడు కలిపితే నాలుగూ ముప్ఫై మూడు. ఇంకా ఐదు నిమిషాలు.

"అక్కడ మిషను మీద ఎవరుంటారు?"

ప్రోగ్రామర్ సబ్బక్క వైపు చూశాడు.

"మా అమ్మాయి," అంది సబ్బక్క.

మరిది అప్పటికే సబ్బక్క ఫోన్ తీసుకుని అమ్మాయికి చేస్తున్నాడు. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. అల్లుడికి చేశాడు. అదీ అంతే. షెడ్డు కారులో వెళ్ళినా ఇరవై నిమిషాల దూరం. "ఇక్కడినుంచి ఆపలేవా?" అని ప్రోగ్రామర్ మీద అరిచాడు. కుదరదండీ, మొదలైందంటే అక్కడే ఆపాలి అన్నాడు కుర్రవాడు.

నాలుగూ ముప్ఫై ఒకటి.

"అక్కడ ముసల్ది లేదు," అంది సబ్బక్క నెమ్మదిగా. తనలో తను అనుకుంటున్నట్టుంది. "ఉన్నది ఒక్కటే మిషను. సబ్బైనా దాని మీదే కొయ్యాలి, లోహమైనా దాని మీదే కొయ్యాలి. అది కోసేది సబ్బో, లోహమో ఇక్కడ్నుంచి తెలీదు."

"నేర్పారా అమ్మాయికి?" అడిగింది టీచరమ్మ.

"నేర్పాను. కానీ పక్కన మేనేజరు నిలబడి తొందర పెడితే..." ఆ మాట అక్కడే ఆపేసింది. కోటు గుండీ ఊడి ఆమె చేతిలోకి వచ్చింది.

నాలుగూ ముప్ఫై మూడు. గదిలో నలుగురూ ఒకే గోడ వైపు చూస్తున్నారు. ముల్లు కదిలింది. ముప్ఫై నాలుగు. బయట మిషన్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. ముప్ఫై ఐదు.

సబ్బక్క ఫోన్ మోగింది.

ఆమె ఎత్తి, ఏమీ అనకుండా, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది.

"అమ్మా, ఏంటిది, మీరంతా కలిసి ఇన్ని ఫోన్లు? సబ్బు కోసేటప్పుడు ఫోను ముట్టుకోవద్దని నువ్వే కదా చెప్పావు! అమ్మా, విను. మూడో పుల్ల తెగింది. ఎగిరి అద్దానికి కొట్టుకుంది. ఎర్ర బటన్ నొక్కి ఆపేశాను. ఎవరు రాశారే ఈ ప్రోగ్రాం? మనవాడు రాసినట్టు లేదు."

సబ్బక్క స్టూల్ మీద కూర్చుండిపోయింది. ఆమె బదులు టీచరమ్మే అడిగింది. "అమ్మాయ్, అల్లుడుగారెక్కడ?"

అటు వైపు గొంతు తగ్గింది. "ఇక్కడే ఉన్నారండీ. నేరుగా లోహం మీద నడుపు, తెర మీద నేనే చూశాను అన్నారు. పుల్లలు పెట్టందే నడపనన్నాను. ఉద్యోగం తీసేస్తానన్నారు. తీసేయండి, కానీ ఈ ముప్ఫై ఎనిమిది నిమిషాలు పక్కన నిలబడి చూసి తీసేయండి అన్నాను. నిలబడ్డారు. పుల్ల తెగేటప్పుడు చూశారు. అప్పట్నుంచీ ఆ తెగిన ముక్క చేతిలో పట్టుకుని కింద కూర్చున్నారు. నిన్న పదకొండూ పన్నెండుకి మార్చింది తనేనంటున్నారు. అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్తున్నారు. కొలతలాయనకి తెలివొచ్చిందా అని అడుగుతున్నారు. ఏం చెప్పనమ్మా?"

గేటు దగ్గర హారన్ మోగింది. జీపు. ఇరవై నిమిషాలు ముందే వచ్చింది.

మరిది తోలు సంచీ తెరిచి, టైపు చేయించి సంతకం పెట్టిన రిపోర్టు బయటికి తీశాడు. దానివైపొకసారి, సబ్బక్క వైపొకసారి చూశాడు. చొక్కా సర్దుకుని, జేబురుమాల్లో చుట్టిన సబ్బు పట్టుకుని, గుమ్మం దాటి ఇన్‌స్పెక్టర్‌కి ఎదురెళ్ళాడు. ఆవరణలో అతని గొంతు ఎప్పటికన్నా గట్టిగా వినబడింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, నేనిచ్చిన రిపోర్టు తప్పు. ముందు ఇది చూడండి."

టీచరమ్మ అతన్ని ఇన్నేళ్ళలో మొదటిసారి మెచ్చుకుంటూ చూసింది.

లోపల సబ్బక్క ఫోన్ మీదకి వంగింది. గొంతు మామూలైపోయింది.

"ఆయనకి కాసిని మంచినీళ్ళివ్వు. కసురుకోకు. ఆ సబ్బు ఎవర్నీ ముట్టుకోనివ్వకు. అంచున తారీఖు గీకి పెట్టు. పక్కన మూడో పుల్ల అని కూడా గీకు."